బాగా చూసుకున్న బండి

పాత కారు అమ్మకపు ప్రకటనల్లో తప్పకుండా కనిపించే మాట "బాగా చూసుకున్న బండి". పెళ్ళి సంబంధాల్లో "పిల్లవాడు బుద్ధిమంతుడు" అన్నట్టే ఈ మాటా అందరూ అంటారు. ఆరా తీసుకోవలసిన పూచీ మాత్రం అవతలివారిది. ఈసారి ఒక ఇటలీ కారును ముందు పెట్టుకుని ఆ మాటలోని నిజానిజాలు చూద్దాం.

ఇటలీ కారనగానే మన ఇళ్ళల్లో పెద్దవాళ్ళకు గుర్తొచ్చేది ఫియట్. బొంబాయి కుర్లాలో తయారైన ప్రీమియర్ పద్మిని ఆ ఇంటి ఆడపడుచే. అదే ఫియట్ సంస్థ 1969లో ఫెరారీలో సగం వాటా కొన్నది. ఆ ఫెరారీవారు 1992లో విడుదల చేసిన కారు 456 జీటీ. జీటీ అంటే ఇటాలియన్‌లో గ్రాన్ టురిస్మో. పందేల కోసం కాక, సామానుతో, సుఖంగా, వేగంగా దూరప్రయాణం చేయడానికి తీర్చిన బండి అన్నమాట.

దాని రూపం పినిన్‌ఫరీనా సంస్థ దిద్దింది. ఇంజను ముందు ఉంటుంది. వెనుక సీట్లలో ఇద్దరు చిన్నపిల్లలు సర్దుకుంటారు. 5,474 సి.సి. ఇంజనుకు 12 సిలిండర్లు. భాగించి చూడండి, కారు పేరులోని అంకె వస్తుంది! 2003 వరకు మూడువేల పైచిలుకు తయారయ్యాయి.

కొత్తలో కోటీశ్వరులకే అందిన ఈ కారు పాతబడ్డాక ధర బాగా దిగింది. విదేశాల్లో ఉన్న మన పిల్లల్లో కార్ల మోజున్నవారికి ప్రకటన చూస్తే మనసాగదు. చిక్కల్లా ఇక్కడే ఉంది. కారు ధర దిగింది కాని, దాని విడిభాగాల ధర, మెకానిక్కు కూలి దిగలేదు. ఏనుగు చౌకగా దొరికినంత మాత్రాన మేత చౌక కాదు కదా!

కనుక మెరుపు చూసి మురిసిపోక సర్వీసు పుస్తకం, పాత బిల్లులు అడగాలి. ఇంజనులో వాల్వులను నడిపే టైమింగ్ బెల్టులు ఎప్పుడు మార్చారో వాటిలో ఉండాలి. అవి రబ్బరువి. బండి తిరగకపోయినా ఏళ్ళు గడిస్తే మార్చవలసిందే. బెల్టు తెగితే వాల్వులు పిస్టన్లకు తగిలి ఇంజనే చెడుతుంది. "తక్కువ కిలోమీటర్లు తిరిగింది" అన్నది ఎప్పుడూ సుగుణం కాదు. కదలని బండిలో సీళ్ళు ఎండుతాయి, టైర్లు బిరుసెక్కుతాయి, బ్యాటరీ నీరసిస్తుంది. తరచుగా నడుస్తూ, వేళకు మరమ్మతులు జరిగిన బండే బాగా చూసుకున్న బండి.

ఇలాంటిదాన్ని ఇక్కడికి తెచ్చుకుందామనుకునేవారికి ఒక మాట. వ్యక్తులు దిగుమతి చేసుకునే వాడిన కారు తయారై మూడేళ్ళు దాటకూడదని మన దేశపు నిబంధన. ఆ ముచ్చట అక్కడే తీర్చుకోవాలి.

ఫెరారీ మాటెలా ఉన్నా, మన ఇంటి కారుకూ పనికొచ్చే కిటుకు ఒకటి. టైరు పక్కన చివర నాలుగంకెలు ఉంటాయి. 2319 అని ఉంటే 2019లో 23వ వారంలో తయారైందని అర్థం. పాత బండి బేరానికి వెళ్ళినప్పుడు ముందు వంగి ఆ అంకెలు చదవండి. కొత్త రంగు వయసును దాస్తుంది, టైరు దాచలేదు.