రెక్క విరిగితే రొయ్య దక్కదు
ఏరియేటర్ల విడిభాగాల కొనుగోలులో చౌక ఒక్కటే కొలమానం కారాదు

భీమవరం: రొయ్యల రైతుకు తెల్లవారుజామే గండం. పగటివేళ చెరువులోని సూక్ష్మ నాచు నీటికి ప్రాణవాయువును అందిస్తుంది. రాత్రివేళ అదే నాచు, రొయ్యలతో పాటు ప్రాణవాయువును పీల్చుకుంటుంది. సూర్యోదయానికి ముందు దాని పరిమాణం కనిష్ఠానికి పడిపోతుంది. లీటరు నీటిలో అది 4 మిల్లీగ్రాములకు తగ్గకుండా చూసే భారమంతా ఏరియేటర్లదే. 2009లో వెనామీ సాగుకు అనుమతి లభించిన తర్వాత గోదావరి డెల్టాలో ఈ యంత్రాల అవసరం బాగా పెరిగింది.

ఏరియేటర్ కొనే రైతు మోటారు గురించి, గేర్‌బాక్సు గురించి ఆరా తీస్తాడు. నీటిని చిమ్మే రెక్కల చక్రాలను, యంత్రాన్ని తేల్చే ఫ్లోట్లను ప్లాస్టిక్‌వే కదా అని పట్టించుకోడు. యంత్రాలు బిగించి అమ్మేవారు సాధారణంగా వీటిని అచ్చులు పోసే యూనిట్ల నుంచి తెచ్చుకుంటారు. ఏ యూనిట్‌ను ఎంచుకున్నారన్న దానిపైనే చెరువు భద్రత ఆధారపడి ఉంది.

ఖర్చు తగ్గించే మూడు దారులు

2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి చేరినప్పుడు ఆక్వా రంగం కలవరపడింది. అటువంటి వేళ రైతు ప్రతి రూపాయికీ బేరమాడటం సహజం. ఆ ఒత్తిడి యంత్రం అమ్మేవారి మీదుగా అచ్చుల యూనిట్‌కు చేరుతుంది. అక్కడ ఖర్చు కుదించే సులువైన దారులు మూడు: ముడిసరకు మార్చడం, మందం తగ్గించడం, అచ్చులో చల్లారే సమయం కోసేయడం.

మొదటిది ముడిసరకు. వాడిన ప్లాస్టిక్‌ను తిరిగి కరిగించి వాడటం నేరమేమీ కాదు. కడియం నర్సరీలో మొక్క కుండీకి అది సరిపోవచ్చు. ఎండలో, ఉప్పునీటిలో రేయింబవళ్లు తిరిగే రెక్కకు మాత్రం కొత్త సరకు, ఎండను తట్టుకొనే రసాయనం తప్పనిసరి. సుద్దపొడి అతిగా కలిపిన రెక్క బరువుగా ఉండి గట్టిదనే భ్రమ కలిగిస్తుంది కానీ, పెళుసుబారి విరుగుతుంది. పాలీప్రొపిలీన్ నీటికన్నా తేలిక. బరువులో సుమారు 15 శాతం సుద్ద చేరితే మంచినీటిలో మునుగుతుంది. గాజుపీచు కలపని పాలీప్రొపిలీన్ అని చెప్పి అమ్మిన ముక్క మునిగితే యూనిట్‌ను నిలదీయాల్సిందే. అయితే తేలినంత మాత్రాన అది స్వచ్ఛమైనదని చెప్పలేం.

రెండోది మందం. ఫ్లోటును గాలి ఊది తయారు చేస్తారు. ఆ క్రమంలో మూలల వద్ద ప్లాస్టిక్ సాగి పలచబడుతుంది. ఒక ఫ్లోటును కోసి మూలల్లో కొలిస్తే అసలు సంగతి తేలుతుంది.

మూడోది చల్లారే సమయం. అచ్చు నుంచి వేడిగా లాగేసిన చక్రం వంకర తిరుగుతుంది. రంధ్రాలు కుదరక ఇరుసుపై ఊగుతూ గేర్‌బాక్సుపై భారం మోపుతుంది. ముందుగా చూపిన నమూనా ఒక్కటే చాలదు. వేర్వేరు రోజుల్లో వచ్చిన సరకు నుంచి తీసి బిగించి చూడాలి.

అచ్చు ఎవరిది?

అచ్చు తయారీకి డబ్బు పెట్టేది కొనుగోలుదారే అయినా, ఒప్పందం లేకపోతే అది యూనిట్ గోడల మధ్యే ఉండిపోతుంది. సరకు నచ్చకపోయినా మరో చోటికి వెళ్లే దారి ఉండదు. యాజమాన్యం, మరమ్మతు బాధ్యత, గడువు కాగితంపై ఉండాలి. ఖాళీ ఫ్లోట్లతో నిండిన లారీ మోసుకొచ్చేది చాలావరకు గాలినే. కనుక సమీపంలోని యూనిట్‌తో రవాణా ఖర్చు కలిసివస్తుంది. అయితే దగ్గరితనం నాణ్యతకు హామీ కాదు.

నష్టం ఎవరికి?

రెక్క విరిగితే అమ్మినవారు మరో రెక్క ఇవ్వగలరు. ఆ రాత్రి పోయిన పంటను ఎవరూ తిరిగి ఇవ్వలేరు. యూనిట్ ఎంపికలో ఏ ప్రమేయమూ లేని రైతే చివరకు మూల్యం చెల్లిస్తున్నాడు. విజయవాడ సమీపంలోని సూరంపల్లిలో ప్లాస్టిక్ పరీక్షలకు సిపెట్ కేంద్రం ఉంది. యంత్రాలు అమ్మేవారు ప్రతి విడత సరకు నుంచి నమూనాలను అక్కడ పరీక్ష చేయించి, విడత సంఖ్యను భాగాలపై ముద్రించి, రైతుకు రాతపూర్వక హామీ ఇవ్వాలి. రైతులు కూడా బేరానికి ముందే ఆ కాగితాన్ని అడగాలి.