మందు చవకైతే చాలదు.. పరీక్ష సరిగ్గా జరగాలి

మొన్న కొత్తవలస దగ్గరి పల్లె నుంచి ఒకావిడ తమ్ముణ్ని వెంటబెట్టుకుని వచ్చింది. రొమ్ములో గడ్డకు ఆపరేషన్ అయింది. ‘రిపోర్టులో రెండు ప్లస్సులున్నాయి డాక్టరు బాబూ, జబ్బు ముదిరిపోయినట్టేనా?’ అని తమ్ముడు అడిగాడు. ఆ ప్లస్సులు జబ్బు ఎంత ముదిరిందో చెప్పవు. ఏ మందు పనిచేస్తుందో తేల్చడానికి ఉపయోగపడతాయి.

మన కణాల మీద హెర్‌2 అనే ప్రొటీన్ ఉంటుంది. ‘పెరుగు’ అనే సంకేతాన్ని కణం లోపలికి పంపడం దాని పని. రొమ్ము క్యాన్సర్ వచ్చినవారిలో నూటికి 15 నుంచి 20 మందిలో ఇది మితిమీరి ఉంటుంది. దీన్ని పట్టుకోవడానికి, హెర్‌2కు అతుక్కునే యాంటీబాడీని గడ్డ నుంచి కోసిన పలుచటి పొర మీద వేస్తారు. ఆ తర్వాత వేసే రసాయనాలతో అది అతుక్కున్న చోట గోధుమ రంగు తేలుతుంది. ఆ రంగును మైక్రోస్కోపులో చూసి పాథాలజిస్టు 0, 1+, 2+, 3+ అని స్కోరు ఇస్తారు. 3+ అయితే పాజిటివ్. వీరికి ట్రాస్టుజుమాబ్ వంటి మందులు మేలు చేస్తాయి. 0, 1+ అయితే నెగెటివ్. 2+ అంటే ఇంకా తేలలేదని అర్థం. ఫిష్ అనే జన్యు పరీక్ష చేసి తేల్చాలి.

ఇప్పుడు ఈ స్కోరుకు విలువ మరింత పెరిగింది. 2024 జూలై 23 నాటి కేంద్ర బడ్జెట్‌లో ట్రాస్టుజుమాబ్ డెరుక్స్‌టెకాన్ సహా మూడు క్యాన్సర్ మందులపై దిగుమతి సుంకం ఎత్తేశారు. తర్వాత వాటిపై జీఎస్టీని 12 నుంచి 5 శాతానికి తగ్గించారు. 2025 సెప్టెంబరు 22 నుంచి పరీక్షల కిట్లు, రీఏజెంట్లపైనా జీఎస్టీ 5 శాతమే. సంతోషమే. అయితే ఈ కొత్త మందు ఒళ్లంతా పాకిన రొమ్ము క్యాన్సర్‌లో హెర్‌2 కొద్దిగానే ఉన్నవారికీ, అంటే 1+ వారికీ, ఫిష్‌లో నెగెటివ్ వచ్చిన 2+ వారికీ పనికొస్తుందని 2022లో తేలింది. ఒకప్పుడు 0 అన్నా 1+ అన్నా మాకు ఒకటే. ఇప్పుడు ఆ తేడాతో చికిత్సే మారవచ్చు. చిక్కేమిటంటే, ఈ పరీక్షను హెర్‌2 బాగా ఎక్కువున్నవారిని పట్టుకోవడానికి రూపొందించారు. లేత రంగు దగ్గర ఒకే స్లైడును చూసిన ఇద్దరు పాథాలజిస్టులు కూడా ఏకీభవించకపోవచ్చు.

అంతకంటే ముందే పొరపాటు జరిగే చోటు ఆపరేషన్ గది. తీసిన గడ్డను గంటలోపు ఫార్మలిన్‌లో వేయాలి. అందులో కనీసం 6 గంటలు, గరిష్ఠంగా 72 గంటలు ఉండాలి. సెలైన్ సీసాలో వేసి బంధువుల చేతికిచ్చి రైల్లో పంపితే ప్రొటీన్ పాడవుతుంది. తర్వాత ఎంత మంచి యాంటీబాడీ వేసినా ఉన్న హెర్‌2 లేనట్టు కనిపించవచ్చు. పొరపాటున నెగెటివ్ వస్తే ఆ తల్లికి అందాల్సిన మందు అందదు.

అందుకే మీ ఇంట్లో ఎవరికైనా ఈ అవసరం పడితే కొన్ని విషయాలు మరవకండి. గడ్డను ఫార్మలిన్‌లో ఎప్పుడు వేశారో అడిగి, రాయించుకోండి. రిపోర్టులో ‘పాజిటివ్’, ‘నెగెటివ్’ అన్న మాటతోపాటు స్కోరు ఉందో లేదో చూడండి. 2+ అయితే ఫిష్ చేయించేదాకా ఆగిపోవద్దు. మైనంలో భద్రపరిచిన గడ్డ ముక్కను బ్లాకు అంటారు. దాన్నీ స్లైడ్లనూ అడిగి తెచ్చుకోండి. ఎండ తగలకుండా దాచండి. పెద్దాసుపత్రికి వెళ్లేటప్పుడు వెంట తీసుకెళ్లండి. అనుమానం ఉంటే అదే బ్లాకుతో మళ్లీ పరీక్ష చేయవచ్చు. ఖర్చు విషయం ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడగండి.

ఆ అక్కాతమ్ముళ్లు బ్లాకు తెచ్చుకుని ఫిష్ పరీక్షకు విశాఖ వెళ్లారు. ఫలితం ఇంకా రాలేదు. ఏ మందు ఇవ్వాలన్నది అది వచ్చాకే తేలుతుంది.