దీపశాసనాలు – చమురు చరిత్ర

ప్రాచ్యకళాశాలల తరగతి గదులలో దీపం నిత్యం వెలుగుతూనే ఉంటుంది. దీపకాలంకారానికి లక్షణం చెప్పేటప్పుడు, దేహలీదీపన్యాయాన్ని వివరించేటప్పుడు, కాళిదాసుకు 'దీపశిఖా' బిరుదం ఎట్లు కలిగిందో తెలిపేటప్పుడు అధ్యాపకులు దానిని వెలిగిస్తారు. అయితే ఆ దీపంలో మండినది ఏ చమురు, దానిని ప్రతిదినం తెచ్చి పోసినవాడెవడు అన్న ప్రశ్న మాత్రం పాఠంలోకి రాదు. దీపం ఉపమానంగా నిలిచింది; వస్తువుగా మరుగున పడింది. ఈ లోపం చిన్నది కాదు.

ఆ ప్రశ్నకు మొదటి సమాధానం పదాలలోనే ఉన్నది. సంస్కృతంలో తిలల నుండి వచ్చినది తైలం. తెలుగులో నూవు, నెయి కలిసి నూనె అయింది. లాటినులో నూనెకు పేరైన 'ఓలియం' ఆలివుకు సంబంధించిన మాట. మూడు భాషలవారూ తమకు పరిచితమైన గింజ పేరనో, కాయ పేరనో నూనెను పిలుచుకున్నారు. తరువాత అర్థవ్యాప్తి జరిగి ఆముదం ఏరండతైలమైంది, కొబ్బరి నుండి తీసినదీ నూనె అయింది. ఓలియం నుండి పుట్టిన ఇంగ్లీషు 'ఆయిల్' భూగర్భంలోని చమురుకూ చెల్లి, కిరసనాయిలుగా తెలుగు ఇళ్లలో ప్రవేశించింది. రోమనుల 'లాంటెర్నా' యూరోపీయుల నోట మనదాకా వచ్చి లాంతరైంది. ఇక కొవ్వొత్తి అన్న మాటలో జంతువుల కొవ్వు స్పష్టంగానే ఉన్నది. రోమనుల 'కాండేలా'లలో ఒక రకం అటువంటిదే. నేడు వేరే మైనంతో చేసినా మన పేరు మారలేదు.

ఈ మాటలను చూచి దీపవిద్యయే పడమటి నుండి వచ్చిందని భావించరాదు. కృష్ణాముఖద్వార ప్రాంతానికి మధ్యధరా ప్రపంచంతో పరిచయం ప్రాచీనమైనదే. క్రీ.శ. 1వ శతాబ్ది నాటి 'పెరిప్లస్' మసాలియా వస్త్రాలను పేర్కొన్నది. 2వ శతాబ్దిలో టాలెమీ చెప్పిన కొంటకొస్సుల రేవును పండితులు ఘంటసాలగా గుర్తించారు. కాని అమరావతి మహాచైత్యపు ప్రాకృత దానశాసనాలలో దీపస్తంభానికి 'దివఖభ' అన్న పేరు కనిపిస్తుంది. ఆ సమాసంలోని రెండు భాగాలకూ దివ్వె, కంబము అనే తెలుగు చుట్టాలున్నాయి. కృష్ణాతీరపు దీపానికి సొంత పేరు, సొంత పీఠం ఆనాడే ఉన్నాయనడానికి ఇంతకన్న సాక్ష్యం అక్కరలేదు.

రోమనుల దీపచరిత్ర నుండి గ్రహించవలసినది మరొకటి ఉన్నది. క్రీ.శ. 79లో అగ్నిపర్వతపు బూడిదలో పూడిన పాంపేయి నగరంలో మట్టిదీపాలు విస్తారంగా దొరికాయి. అవి అచ్చుపోసినవి, పైభాగం మూసి ఉండి, చమురు పోయడానికి ఒక రంధ్రం, వత్తికి ఒక ముక్కు కలవి. మన ప్రమిద తెరిచిన పాత్ర. పేరుకొనే నేతికి అదే అనుకూలం. అయితే ఆకారం కన్న చమురు సరఫరా ముఖ్యమైనది. వంటకూ దీపానికీ కావలసిన ఆలివునూనె రోముకు స్పెయిను నుండి, ఆఫ్రికా నుండి ఓడలలో వచ్చేది. నూనె తెచ్చి పగులగొట్టి పారవేసిన జాడీల పెంకులే ఆ నగరంలో సుమారు 35 మీటర్ల ఎత్తు గుట్టగా నిలిచాయి. దాని పేరు మోంటే టెస్టాచో. 19వ శతాబ్దిలో హైన్రిష్ డ్రెస్సెల్ అనే జర్మను పండితుడు ఆ పెంకులపై ఉన్న రాతలను ఓపికగా చదివి, తూకాలను, వర్తకుల పేర్లను వెలికితీశాడు. చెత్తకుప్ప చరిత్రకు ఆధారమైంది.

మనకు అట్టి కుప్ప లేదు. అంతకు మించినది రాతిమీద ఉన్నది. బాపట్ల భావనారాయణస్వామి ఆలయంలోను, ద్రాక్షారామంలోను ఉన్న శాసనాలలో అఖండదీప దానాలు అనేకం. దాత పశువులను ఇస్తాడు. బోయ అని పేరుగల పశుపాలకుడు వాటిని స్వీకరించి, నిత్యం మానెడు నెయ్యి పోయడానికి ఒప్పుకొంటాడు. పశువు చచ్చినా పిల్లలతో మంద నిలుస్తుంది కనుక దానం ఆచంద్రార్కం నిలుస్తుందని లెక్క. తమిళ శాసనాలు ఇట్టి మందనే చావని, ముదియని గొఱ్ఱెలుగా 'సావా మూవా పేరాడు' అన్నాయి. రోములో దీపానికి సముద్రం దాటి వచ్చిన నూనె కావలసివచ్చింది. ఇక్కడ ఊరి పశువే దేవుని దీపాన్ని నిలిపింది. ఆ శాసనం దాత పేరుతోపాటు నెయ్యి పోసే బోయ పేరునూ చెక్కింది. కావ్యాలలో గాని వంశావళులలో గాని చోటు దొరకని సామాన్యుని పేరు అది.

ఈ శాసనాలు ఒకే మూసలో ఉంటాయని, కావ్యగుణం లేనివని ఆక్షేపించవచ్చు. నిజమే. విజయవాడలోని యుద్ధమల్లుని శాసనాన్ని విద్యార్థులు మధ్యాక్కర కోసం చదువుతారు, చదువవలసినదే. వచనంలో ఉన్న దీపశాసనానికి ఆ భాగ్యం లేదు. కాని మూసలో ఉన్నందువల్లనే వాటిని పోల్చడం సులభం. పశువుల సంఖ్య, కొలత, దాతల వృత్తులు, స్త్రీల దానాలు వరుసగా పట్టికకెక్కిస్తే డెల్టా గ్రామాల ఆర్థికచరిత్ర రూపు కడుతుంది. డ్రెస్సెల్ చదివిన పెంకులు ఇంతకన్న రసవంతమైనవి కావు. మన శాసనాలలో పెక్కు 'దక్షిణభారత శాసనములు' సంపుటాలలో అచ్చయి గ్రంథాలయాలలోనే ఉన్నాయి.

కనుక శాసనభాషా పాఠ్యాంశంలో కొన్ని దీపశాసనాలకైనా చోటు కల్పించడం అవసరం. పరిశోధక విద్యార్థులు దివిసీమ వంటి ప్రాంతాలలో ప్రమిద, సెమ్మె, వత్తి, దివిటీ, గూడు, బుడ్డి మొదలైన మాటలను, వాటి ప్రయోగాలను వృద్ధుల నోటినుండి, కుమ్మరుల నుండి, గానుగ ఆడించిన కుటుంబాల నుండి సేకరించాలి. శాసనాలు రాతిమీద నిలుస్తాయి. ఈ మాటలకు ఆ రక్షణ లేదు.

దీపం ఆరిందనడం అమంగళమని తెలుగువారు అది కొండెక్కిందంటారు. కార్తీకంలో కృష్ణలో వదిలిన దీపాలు తెల్లవారేసరికి కొండెక్కుతాయి. మరునాడు మళ్లీ వెలిగించవచ్చు. వాటి మాటలు కొండెక్కితే వెలిగించే ఉపాయం లేదు.