జ్వరం అని రాసిన సెలవు చీటీ

ఈ ఫిబ్రవరిలో మా డిగ్రీ సెకండియర్ అమ్మాయి ఒకరు నా దగ్గరికి మెడికల్ సర్టిఫికెట్ తెచ్చింది. టైఫాయిడ్, 18 రోజులు విశ్రాంతి అని ఉంది. క్లాస్ ఇన్‌ఛార్జిగా నేను సంతకం పెడితే హాజరు కొరత మాఫీ కోసం అది ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్తుంది. కాగితం బల్ల మీద పెట్టి చేతులు గబుక్కున చున్నీ కిందికి లాక్కుంది. అప్పటికే చూశాను. వేళ్ల చివర్లు ఎర్రగా పొక్కి ఉన్నాయి. గుంటూరు, పల్నాడు వైపు పుట్టినవాళ్లకి ఆ వేళ్ల గురించి ఎవరూ చెప్పక్కర్లేదు. మా అమ్మ రాత్రిళ్లు కొబ్బరినూనె రాసుకుని, చేతులు గాలికి పెట్టుకుని, నిద్రపట్టక కూర్చునేది.

"ఎన్నాళ్లు వెళ్లావమ్మా కాయకోతలకి?" అన్నాను.

"పద్దెనిమిది రోజులు సార్. అందులో ఉన్నన్నే."

అబద్ధంలో కూడా లెక్క తప్పలేదు పిల్ల. సర్టిఫికెట్‌కి 500 తీసుకున్నారట. ఒకరోజు కూలి అక్కడే పోయింది.

సంతకం పెట్టాను. పెట్టానని ఇక్కడ బాహాటంగా రాస్తున్నాను కాబట్టి రేపు ఎవరైనా స్క్రీన్‌షాట్ తీసి పైకి పంపొచ్చు. పంపండి.

ఆ రోజే స్టాఫ్‌రూమ్‌లో ఒక సీనియర్ అన్నారు, "దొంగ సర్టిఫికెట్లని మీరే ప్రోత్సహిస్తే ఎలా సార్" అని. ఆ "మీరే"లో ఎంతమంది ఉన్నారో నాకు తెలుసు, ఆయనకీ తెలుసు. ప్రభుత్వ లెక్చరర్లకి ఏడాదికి 15 క్యాజువల్ లీవులు. అవి కాక 20 అర్ధజీతపు సెలవులు జమవుతాయి. డాక్టర్ కాగితం పెడితే రెండు రోజుల్ని ఒకరోజు కింద మార్చి పూర్తి జీతంతో వాడుకోవచ్చు. ఆయన కొడుకు ఎంట్రన్స్ పరీక్షల నెలంతా నడుంనొప్పి కాగితం మీదే గడిచింది. కొడుకు పక్కన తండ్రి ఉండటం తప్పని నేననను. కానీ ఆయన నడుంనొప్పిని ఎవరూ దొంగ సర్టిఫికెట్ అనలేదు. "సెలవు వాడుకున్నారు" అన్నారు.

ఎవరి జబ్బుని నమ్ముతారు, ఎవరి జబ్బుని తనిఖీ చేస్తారు అన్నది మన ఇళ్లలో పాత కథే. మా తాత ఒక ఆసామి దగ్గర ఏడాది జీతానికి ఉన్న పాలేరు. పనిలోకి పోని రోజుని నాగా అనేవాళ్లు. జ్వరమైనా నాగానే, చావైనా నాగానే. ఏడాది చివర నాగాలన్నీ లెక్కగట్టి అన్ని రోజులు ఊరికే చేస్తేగానీ లెక్క తెగేది కాదు. ఒకసారి తాతకి నిజంగానే ఒళ్లు కాలిపోతోంది. నటిస్తున్నాడేమో చూసి రమ్మని ఆసామి తన ఇంటి మనిషిని పంపాడట. జ్వరం ఉందో లేదో తెలియాలంటే చెయ్యి పెట్టి చూడాలి కదా. మాలపల్లెలో మనిషిని ముట్టుకోవడమెలా? వచ్చినవాడు గుమ్మం బయటే నిలబడి, దుప్పటి వంక చూసి వెళ్లిపోయాడు. ఆ రోజు నాగాలోనే పడింది. ఇది మా నాన్నమ్మ నవ్వుతూ చెప్పేది. నేను ఇప్పటికీ నవ్వలేను.

వెట్టిచాకిరి రద్దు చట్టం 1976లో వచ్చింది. నాగా అన్న మాట మాత్రం ఎక్కడికీ పోలేదు. అంబేద్కర్ వైస్రాయ్ కౌన్సిల్‌లో లేబర్ మెంబర్‌గా ఉన్న కాలంలోనే, 1943లో, కార్మికుల ఆరోగ్య బీమా పథకం తయారుచేసే పని ప్రొఫెసర్ అదార్కర్‌కి అప్పగించారు. ఆ దారిలోనే 1948లో ఇఎస్ఐ చట్టం వచ్చింది. దాని కింద ఉన్న కార్మికుడు జబ్బుపడితే 70 శాతం వేతనం, ఏడాదికి 91 రోజుల దాకా. ఫ్యాక్టరీ గేటు దగ్గర మొదలైన ఆ చట్టం మిరపచేను గట్టు దాకా ఇంతవరకు రాలేదు. అందుకే మా అమ్మ జీవితంలో ఎప్పుడూ జ్వరమని అబద్ధం చెప్పలేదు. జ్వరం వచ్చినప్పుడు కూడా రాలేదనే చెప్పి ట్రాక్టర్ ఎక్కింది.

ఆ సంతకం మీద నాకు గర్వమేమీ లేదు మిత్రులారా. టైఫాయిడ్ అని రాసుకున్న కాలేజీకి ఆ అమ్మాయి ఒక బలహీనురాలు, అంతే. కోతల నెలల్లో సగం క్లాసు ఎందుకు ఖాళీ అవుతుందో రికార్డులో ఎక్కడా ఉండదు. వచ్చే ఏడు ఇంటర్నల్ పరీక్షలు మళ్లీ సరిగ్గా కోతల మధ్యలోనే పడతాయి. 75 శాతం హాజరు లేకపోతే స్కాలర్‌షిప్ ఆగుతుంది. స్కాలర్‌షిప్ రాకపోతే కూలికి పోవాలి. కూలికి పోతే హాజరు పోతుంది. విద్యార్థి సంఘాల వాళ్లు చదువుతున్నారు కదా, మెస్ ఛార్జీల వినతిపత్రంలో ఇదొక్కటి కలపండి: కూలికి వెళ్లిన రోజులకి మాఫీ కావాలి, కారణం ఉన్నదున్నట్టు రాసుకునే హక్కు కావాలి.

ఇదే ఆ అమ్మాయితో అన్నాను. వచ్చేసారి టైఫాయిడ్ వద్దు, కాయకోతలకి వెళ్లానని రాయి, నేను నిలబడతాను అని.

"మీరు రాస్తారా సార్, నిజం?" అంది. వెటకారం కాదు. తెలుసుకోవాలనే అడిగింది.

నేను రాయను. ప్రైవేటు కాలేజీలో గంటకింతని పాఠం చెప్పిన రోజుల నుంచి ప్రతి ఆగస్టు 6న నాకు జ్వరమే. 1991లో ఆ రోజున చుండూరులో మనవాళ్లని చంపారు. వాళ్లని పాతిపెట్టిన రక్తక్షేత్రానికి ఏటా వెళ్తాను. అప్పుడు నిజం చెబితే మర్నాటి నుంచి గంటలుండవని భయం. ఉద్యోగం పర్మనెంటయ్యాక కూడా జ్వరమనే రాశాను. దానికి సాకేమీ లేదు. అలవాటైపోయింది.

ఈసారి సెలవు చీటీలో కారణం దగ్గర "చుండూరు అమరుల సంస్మరణ" అని రాశాను. ఆఫీసులో సీనియర్ అసిస్టెంట్ చదివి, "ఎందుకు సార్ ఇదంతా, ఏదో ఒకటి రాసేయండి, ఎవరూ అడగరు" అన్నాడు. పాపం, నా మంచి కోరే అన్నాడు. ఎవరైనా అడగాలనే రాశానని చెప్పి వచ్చేశాను.

7వ తేదీ కాలేజీకి వెళ్లి రిజిస్టర్ చూశాను. సెలవు మంజూరైంది. కారణం గడిలో "అస్వస్థత" అని ఉంది.