చింతగింజ, పెంటిక, గొంగడి

దక్కను పీఠభూమిలో వసంతం ముందు చెట్ల మీదికి వస్తుంది. నేల మీదికి రావడానికి తొలకరి దాకా ఆగుతుంది. చలి దేశాల్లో వసంతమంటే మంచు కరిగిన నేల మీద మొలిచే పచ్చిక, ఆ పచ్చిక అందే వేళకు పుట్టే గొర్రెపిల్లలు. తెలంగాణ మెట్ట ప్రాంతంలో ఫాల్గుణ చైత్రాల నాటికి గడ్డి ఎండిపోయి ఉంటుంది, వానకు ఇంకా రెండు మూడు నెలల గడువు ఉంటుంది. అయినా వేప, రావి, కానుగ చిగురు తొడుగుతాయి, మోదుగ ఆకు రాల్చి పూస్తుంది, నల్లతుమ్మ కాయ పండి రాలడం మొదలవుతుంది. లోతుకు దిగిన వేళ్లతో భూమిలో మిగిలిన తేమను అందుకొని వానకు ముందే చిగురించగలిగిన ఈ చెట్లే ఎండాకాలంలో మందను బతికిస్తాయి. కాపరి దోటితో దులిపిన తుమ్మకాయను గొర్రె నమిలి మింగుతుంది, కాయలోని గట్టి గింజ అరగకుండా పెంటికలో కలిసి బయటికి వస్తుంది, మంద తిరిగిన బీడులో తొలకరికి తుమ్మ మొలుస్తుంది.

ఈ రుతువు విలువ ఒక కురుమ కుటుంబపు చిన్న కమతంలో స్పష్టంగా తెలుస్తుంది. కురుమలు గొర్రెలను మేపడమే కాక వాటి ఉన్నితో గొంగడి నేసే కులవృత్తిదారులు. కర్ణాటకలోనూ, దాని సరిహద్దు ప్రాంతాల్లోనూ వీరినే కురుబలు అంటారు. కొద్దిపాటి మెట్ట భూమి, ఇరవై ముప్పై జీవాలు, ఇంటి వెనుక పెరడు, వసారాలో గుంత మగ్గం — నేలలో తవ్విన గుంతలో కాళ్లు దించి కూర్చుని తొక్కుడు చెక్కలతో నడిపే మగ్గం — ఇవన్నీ కలిసిందే ఆ కుటుంబపు ఆస్తి. చేను, మంద, పెరడు, మగ్గం అని వేరువేరుగా పేర్లున్నా వాటిలో ఒకదాని మిగులు మరొకదానికి పెట్టుబడిగా అందుతూ ఉంటుంది. ఆ అందిపుచ్చుకోవడం ఏడాది పొడవునా సాగినా, యాసంగి పంట ఇంటికి చేరి చేలు ఖాళీ అయ్యే వసంతంలోనే ఎక్కువగా కనబడుతుంది.

చేను సంగతే చూస్తే, పంట కోసిన పొలంలో రాత్రిపూట గొర్రెలను నిలిపి ఉంచడాన్ని మంద పెట్టించడం అంటారు. పొలం యజమాని కాపరికి ధాన్యమో డబ్బో ఇచ్చి ఇన్ని రాత్రులని మాట్లాడుకుంటాడు. పగలంతా మోళ్లు, రాలిన ఆకు, తుమ్మకాయ మేసి వచ్చిన మంద రాత్రికి ఆ చేనులో పడుకొని పెంటికలను, మూత్రాన్ని నేరుగా నేలకు ఇస్తుంది, తరువాత గుంటక తోలి వాటిని పైమట్టిలో కలుపుతారు. వ్యవసాయ శాస్త్రజ్ఞుల లెక్క ప్రకారం గొర్రెల, మేకల ఎరువులో సగటున 3 శాతం నత్రజని, 1 శాతం భాస్వరం, 2 శాతం పొటాష్ ఉంటాయి. మామూలు పశువుల ఎరువులో నత్రజని అర శాతం దగ్గరే ఉంటుంది. బండి కట్టకుండా, కూలి పెట్టకుండా, మూత్రంలోని నత్రజని కూడా వృథా కాకుండా చేనుకు చేరే ఎరువు ఇంకొకటి లేదు. ఇంటి పెరట్లో వేసవికి పాకే సొర, బీర, దోస పాదులకు కూడా దొడ్డిలో ఊడ్చిన పెంటికలే బలం.

ఇక ఉన్ని. దక్కని జాతి గొర్రె ఎక్కువగా నలుపు, లేదా నలుపు తెలుపు కలిసిన రంగులో ఉంటుంది. తెలంగాణ, కర్ణాటక, మహారాష్ట్రల మెట్ట నేలల్లో ముళ్లకు, దూరపు నడకకు, తక్కువ మేతకు తట్టుకునే జీవం అది. ఏడాదికి రెండుసార్లు దాని బొచ్చు కత్తిరిస్తారు. జీవాన్ని ముందుగా కుంటలోనో వాగులోనో కడిగి, ఒళ్లు ఆరనిచ్చి, కాళ్లు కట్టి పక్కకు పడుకోబెట్టి, చర్మాన్ని ఒక చేత్తో బిగబట్టి ఇంకో చేత్తో కత్తెర ఆడిస్తారు. వేలు కాస్త సడలితే చర్మం మడతపడి తెగుతుంది గనుక ఈ పని చూసి నేర్చుకోవలసిందే. ఒక గొర్రె మీద ఒక్క కోతకు దిగే ఉన్ని కొన్ని వందల గ్రాములకు మించదు, కాబట్టి ఒక్క గొంగడికి ఎన్నో గొర్రెల బొచ్చు కలవాలి. పిల్లల మీది మొదటి కోత అన్నిటికన్నా మెత్తన. పొట్ట కింది ఉన్ని, పెంటిక అంటిన ఉన్ని నేతకు పనికిరావు.

ఏరిన ఉన్నిని ఏకి, అంటే చిక్కులు విప్పి పోగులను దూదిలా విడదీసి, ఆడవారు రాట్నం మీద వడుకుతారు. ఆ నూలులోంచి పడుగు, అనగా మగ్గం మీద నిలువుగా సాగే దారాల వరుస, తయారైన తరువాత దానికి గంజి పట్టించడం గొంగడి నేతలో కీలకమైన ఘట్టం, ఆ గంజి చింతగింజలది. చింతకాయ పండి రాలేది మాఘం నుంచి చైత్రం దాకా. ఉగాది పచ్చడికి కొత్త చింతపండు కావాలని ప్రతి ఇంట్లో కాయ కొట్టి గింజ తీసే రోజులవి. పండు వంటింటికి పోతే గింజ మగ్గం దగ్గరికి చేరుతుంది. గింజను వేయించి, పైపొట్టు తీసి, నానబెట్టి, రుబ్బి, ఉడికిస్తే బంక సాగే అంబలి తయారవుతుంది; జైలోగ్లూకాన్ అనే పిండి పదార్థం గింజలో పుష్కలంగా ఉండడమే ఆ బంకకు కారణం, వస్త్ర పరిశ్రమ కూడా ఈ గింజ పొడిని గంజిగా వాడుతుంది. ఆరుబయట బారుగా కట్టిన పడుగు మీద ఈ అంబలిని కుంచెతో ఒకే దిక్కుకు దువ్వుతూ పోతే, లేచి నిలిచిన బొచ్చు దారానికి అంటుకుపోతుంది, దారం బిగుస్తుంది, పడుగు పోగులను విడదీసి ఉంచే అచ్చులో రాపిడికి తెగదు. ఆ పడుగు ఆరాలంటే ఎండ కావాలి, అందుకే వాన ముసిరిన రోజుల్లో మగ్గం పని కుంటుపడుతుంది. పండు, గింజ, ఎండ, ఉన్ని, ఖాళీ సమయం ఇంత చక్కగా ఒకచోట కలిసే రోజులు ఏడాదిలో మళ్లీ దొరకవు.

ఈ గొంగడిని ముతక సరకని తీసిపారేయడం అన్యాయం. మెరినో ఉన్ని పోగు మందం సుమారు 20 మైక్రాన్లయితే — మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు — దక్కని పోగు అంతకు రెట్టింపు పైనే ఉంటుంది, ఒంటికి గుచ్చుకుంటుంది, ఇది నిజం. కానీ పోగు మీది పొలుసుల పొర నీటి చుక్కను జారవిడుస్తుంది, లోపలి భాగం మాత్రం తన బరువులో దాదాపు మూడో వంతు తేమను తడి తెలియకుండా పీల్చుకోగలదు, పీల్చుకునేటప్పుడు కాస్త వేడిని కూడా విడుదల చేస్తుంది. రాత్రి మందకాడ పడుకునే మనిషికి పక్క, దుప్పటి, వానలో గొడుగు అన్నీ ఒకే బట్ట కావడానికి ఈ గుణాలే ఆధారం. సంక్రాంతి నుంచి ఉగాది దాకా సాగే కొమురవెల్లి మల్లన్న జాతరలో రంగు పొడులతో పట్నాలనే ముగ్గులు వేసే ఒగ్గు పూజారుల భుజాన గొంగడి కనిపిస్తే అది అలంకారం కోసం వేసుకున్నది కాదు. మల్లన్న, బీరప్ప గొర్ల కాపరుల దేవుళ్లు. గొంగట్లో తింటూ వెంట్రుకలు ఏరినట్టు అనే సామెత పుట్టిందంటే, ఆ బట్ట ఒకప్పుడు ఎన్ని ఇళ్లలో పరిచి ఉండేదో ఊహించుకోవచ్చు.

అటువంటి ఉన్ని నేడు చాలాచోట్ల కోత కూలికి కూడా గిట్టుబాటు కాని సరకైంది. నూలు, కృత్రిమ దారపు దుప్పట్లు చవకగా దొరకడం ఒక కారణం; మాంసపు గిరాకీ పెరిగి మందల్లో జాతి మారిపోవడం అంతకన్నా లోతైన కారణం. నెల్లూరు జాతి ఎత్తైనది, బరువు తూగేది, మాంసానికి మేలైనది. దాని ఒంటి మీద ఉండేవి పొట్టి వెంట్రుకలే తప్ప ఉన్ని కాదు. దక్కని మందలోకి నెల్లూరు పొట్టేలు వచ్చి కలిస్తే తరానికి తరం ఉన్ని తగ్గిపోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2017 జూన్‌లో మొదలుపెట్టిన గొర్రెల పంపిణీ పథకం గొల్ల, కురుమ కుటుంబాలకు 20 గొర్రెలు, 1 పొట్టేలు చొప్పున, 1.25 లక్షల రూపాయల విలువలో 75 శాతం రాయితీతో ఇచ్చింది, ఆ జీవాలను పొరుగు రాష్ట్రాల నుంచి కొన్నది. కాపరి వృత్తికి ఆ స్థాయిలో ప్రభుత్వ ధనం రావడం మెచ్చుకోవలసిన విషయమే, 2019 పశుగణనలో సుమారు 1.9 కోట్ల గొర్రెలతో తెలంగాణ దేశంలో మొదటి స్థానంలో నిలిచిన మాటా నిజమే. అయితే పథకం గొర్రెను మాంసపు లెక్కలోనే చూసింది. ఉన్ని, మంద ఎరువు, నేత ఆ లెక్కలోకి రాలేదు. కురుమ ఇంటికి ఉన్ని లేని గొర్రెనివ్వడమంటే ఆ ఇంటి ఆదాయంలో స్త్రీలు రాట్నం మీద సంపాదించే భాగాన్ని కొట్టివేయడమే.

ముతక ఉన్నికి భవిష్యత్తు లేదనే వాదన నిలిచేది కాదు. స్కాట్లండ్ పడమటి దీవుల్లో క్రాఫ్ట్ అనే చిన్న కమతాలుంటాయి. కొద్దిపాటి భూమి, కొన్ని గొర్రెలు, ఇంట్లో మగ్గం, అంటే మన కురుమ ఇంటి వంటిదే. అక్కడి హారిస్ ట్వీడ్ బట్టకూ మృదుత్వం వల్ల పేరు రాలేదు. ఆ దీవుల్లో, నేతగాడి ఇంట్లో, చేతి మగ్గం మీద నేసిన బట్టకే ఆ పేరు చెల్లుతుందని బ్రిటన్ పార్లమెంటు 1993లో ప్రత్యేక చట్టమే చేసింది, ఆ పేరుతోనే ఆ బట్ట నేటికీ మంచి ధర పలుకుతోంది. నేతకు పనికిరాని ఉన్నికి సైతం తోటలో చోటుంది: ఉన్ని కెరటిన్ అనే మాంసకృత్తుతో తయారైంది, అందులో సుమారు 16 శాతం నత్రజని, దానితో పాటు గంధకం ఉంటాయి, నేలలో మెల్లగా కుళ్లుతూ నెలల తరబడి అవి విడుదలవుతాయి. పొట్ట కింది ఉన్నిని వంగ, బెండ మొదళ్ల చుట్టూ పరిచి పైన కాస్త మట్టి కప్పితే వైశాఖపు ఎండలో తేమ నిలుస్తుంది, తరువాత అదే ఎరువవుతుంది. దిబ్బ మీద పారేస్తున్న సరకుకు ఇంత పని ఉంది.

కాబట్టి అడగవలసినవి కొన్నే. ప్రభుత్వం ఇకముందు జీవాలు కొని ఇచ్చే ఏ పథకంలోనైనా దక్కని జాతిని పేరు పెట్టి వేరుగా కొనాలి. ఉన్ని దిగే పొట్టేళ్లను ఊరి మందల్లోనే నిలిపే కాపరికి ఏటేటా భత్యం ఇవ్వాలి. మంద పెట్టించుకునే రైతుకు రసాయన ఎరువుకు ఇచ్చినట్టే ఎరువు రాయితీలో భాగం ఇవ్వాలి. నేసేవారిలో చాలామంది వయసు పైబడినవారు, వారి దగ్గర పని నేర్చుకోవడానికి కూర్చునే కుర్రవాళ్లకు నేర్చుకున్నన్నాళ్లూ కూలి గిట్టాలి. ఇక గొంగడి కొనే పాఠకులు ఒక్కటి గుర్తుంచుకుంటే మేలు: బజారులో మిల్లు దారంతో చేసిన నల్ల దుప్పట్లూ గొంగళ్ల పేరుతో అమ్ముడవుతాయి గనుక, అంచు పోగు ఒకటి తెంపి నిప్పుకు చూపి, వెంట్రుక కాలిన వాసన వస్తే, నలిపితే పొడి అయ్యే బూడిద మిగిలితేనే కొనాలి, వీలైతే నేసిన ఇంటికే వెళ్లి కొనాలి.