జట్టు పేరు ఎవరిది?

హాకీ ఇండియా లీగ్ 2017 తరువాత ఆగిపోయి, 2024 డిసెంబరు 28న రూర్కెలాలో తిరిగి ప్రారంభమైనప్పుడు పురుషుల విభాగంలో ఎనిమిది జట్లు బరిలోకి దిగాయి. వాటిలో రెండు తెలుగు నేలకు చెందినవి. ఒకటి హైదరాబాదు పేరున వచ్చిన ‘హైదరాబాద్ తూఫాన్స్’. రెండవది విశాఖపట్టణం పక్షాన నిలిచిన ‘టీమ్ గోనాసిక’. తూఫాన్స్ జట్టు తొలి ప్రయత్నంలోనే తుదిపోరుకు చేరి, 2025 ఫిబ్రవరి 1న బెంగాల్ టైగర్స్ చేతిలో 4–3 తేడాతో ఓడిపోయింది. గెలుపోటములు ఆ ఏటితో ముగుస్తాయి. పేరు మాత్రం నిలిచి ఉంటుంది. కనుక ఈ పేర్లు ఎక్కడినుండి వచ్చినవి, ఎవరిని తలచుకొని పెట్టినవి అనే ప్రశ్న క్రీడాభిమానులకే కాక భాషాభిమానులకు కూడా ఆలోచింపదగినదే.

ఈ ప్రశ్నకు ఇంత ప్రాముఖ్యమెందుకని కొందరు అనవచ్చును. ఆ ఏడు పురుషుల పోటీలు రూర్కెలా, రాంచీ పట్టణాలలోనే జరిగాయి. హైదరాబాదు జట్టు హైదరాబాదులో ఒక్క ఆటైనా ఆడలేదు. ఆటగాళ్ళను వేలంలో కొన్నారు. వారిలో పరదేశీయులూ ఉన్నారు. జట్టుకు యజమాని ఒక వ్యాపారసంస్థ. మైదానం పరాయిది, ఆటగాళ్ళు పలుచోట్లవారు, ధనం కంపెనీది. ఇక ఆ ఊరివారికి తమదని చెప్పుకొనడానికి మిగిలినదేమిటి? పేరొక్కటే. ఇల్లు లేని జట్టుకు పేరే ఇల్లు. ఆ ఇంటిని కట్టేటప్పుడు అందులో ఉండవలసినవారిని ఒక మాట అడిగితే బాగుంటుందని అనడం అత్యాశ కానేరదు.

ఆనాటి ఎనిమిది పేర్లను వరుసగా చూస్తే పేరు పెట్టే పద్ధతులు కొన్ని బయటపడతాయి. ‘కళింగ లాన్సర్స్’లో ప్రాచీన దేశనామం ఒకటి, ఈటె పట్టిన ఐరోపా రౌతు ఒకడు కలిసి ఉన్నారు. ‘సూర్మా’ పంజాబీలో వీరుడు. మన ‘శూర’ శబ్దానికి చుట్టమే. ‘యూపీ రుద్రాస్’ దైవనామానికి ఆంగ్ల బహువచనం తగిలించుకొన్నది. ‘తమిళనాడు డ్రాగన్స్’ తమిళదేశపు అడవిలో గాని పురాణంలో గాని ఇల్లు లేని జంతువును తెచ్చుకొన్నది. బెంగాల్ జట్టు పేరులో యజమాని సంస్థ పేరు, పశ్చిమ వంగభూమికి పాతపేరైన ‘రాఢ’, ఆ పిమ్మట పెద్దపులి, మూడూ చోటుచేసుకొన్నాయి. ఊరి పేరు ముందు, వీరుడో మృగమో వెనుక, చివర ఒక ‘స్’కారం. ఇదే స్థూలంగా అచ్చు. ఈ అచ్చులో పోసినప్పుడు ఏ ఊరైనా మరొక ఊరివలెనే కనబడుతుంది.

‘తూఫాన్’ను తీసుకొందాము. అది మనకు పరాయిమాట కాదు. ‘తుఫాను’గా ఏనాడో తెలుగై, మన విభక్తులను, మన బహువచనాన్ని స్వీకరించింది. సముద్రానికి దూరంగా ఉన్న హైదరాబాదులో అది వేగానికి, విజృంభణకు ఉపమానం. కోస్తాలో అట్లా కాదు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచివేసినది తుఫాను. 2014 అక్టోబరు 12న విశాఖను అల్లకల్లోలం చేసిన హుద్‌హుద్ తుఫాను. ఒకే మాట ఒకచోట జయధ్వానం, మరొకచోట శోకస్మృతి. ఇదే నగరం పేరుతో 2005లో ప్రీమియర్ హాకీ లీగులో ఆడి తొలి విజేతగా నిలిచిన జట్టు పేరు ‘హైదరాబాద్ సుల్తాన్స్’. ఆ మాట గోలకొండ వైభవాన్ని ఒకరికి తలపునకు తెస్తే, భద్రాచలంలో కంచర్ల గోపన్న చెరసాలను, తానీషాను మరొకరికి తలపునకు తెస్తుంది. అందుచేత ఈ పేర్లు తప్పని కాదు. మాట ఒకటే అయినా వినేవారి చెవులు అనేకమని మాత్రమే ఇక్కడ చెప్పదలచినది.

విచిత్రమేమంటే, అసలు తుఫానుకు పేరు పెట్టడానికి మన ప్రాంతంలో ఒక నియమావళి ఉన్నది. ఉత్తర హిందూమహాసముద్రంలో పుట్టే తుఫానులకోసం 13 దేశాలు తలా 13 పేర్లు సూచించగా 169 పేర్ల జాబితా 2020లో వెలువడింది. పేరు చిన్నదిగా ఉండవలెను. పలకడానికి సులువు కావలెను. ఏ జనసమూహాన్నీ నొప్పించరాదు. మతరాజకీయాలకు దూరంగా ఉండవలెను. నాలుగు రోజులలో కరిగిపోయే గాలివానకే ఇంత విచారణ జరుగగా, ఏండ్ల తరబడి పిల్లలు చొక్కాలమీద ధరించి తిరిగే పేరుకు ఏ విచారణా అవసరం లేదా?

‘గోనాసిక’ కథ మరింత ఆసక్తికరమైనది. ఇది ‘స్’కారం లేని పేరు; మృగం లేదు, యోధుడు లేడు. గోనాసిక ఒడిశాలోని కెందుఝర్ జిల్లాలో ఉన్న కొండప్రాంతం. వైతరణీనది అక్కడ పుడుతుంది. ఆవు ముక్కు ఆకారంలోని రాతినుండి నీరు వెలువడుతుందని ఆ పేరు వచ్చింది. జువాంగులనే ఆదివాసులకు ఆ కొండలు నివాసం. పేరుగా చూస్తే ఇది ఎనిమిదింటిలోనూ నిసర్గమైనది. కాని అది విశాఖ జట్టుకు అమరినది. ఒక కొండపేరు తన ఊరిని విడిచి మరొక రాష్ట్రపు రేవుపట్టణానికి ఎట్లా వచ్చినదో విశాఖ విద్యార్థి ఎవరిని అడిగి తెలుసుకొనవలెను? అటు జువాంగు పిల్లవానికి తన కొండ పేరున ఒక జట్టు ఆడినదని ఎవరు చెప్పవలెను? మంచి పేరైనంత మాత్రాన చాలదు. పేరుకూ దాని మనుషులకూ నడుమ దారి ఉండవలెను.

ఈ దృష్టితో ఖమ్మం, భద్రాచలం అడవి సరిహద్దును పరిశీలించడం ప్రయోజనకరం. ఇక్కడ వృత్తి హాకీజట్టు ఏదీ లేదు. అయినా పేర్ల విషయంలో ఈ సీమ ఒక పాఠశాలవంటిది. పండితులు ‘స్తంభాద్రి’ అన్నచోట ప్రజలు ‘ఖమ్మం’ అన్నారు. నిలిచినది ప్రజల పలుకే. 1953లో ఖమ్మం జిల్లా ఏర్పడింది. 1959లో తూర్పుగోదావరినుండి భద్రాచలం వచ్చి అందులో చేరింది. 2014లో భద్రాచలం పట్టణం తెలంగాణలో ఉండగా చుట్టుపట్ల మండలాలు ఆంధ్రప్రదేశ్‌లో కలిశాయి. 2016లో భద్రాద్రి కొత్తగూడెం జిల్లా వెలసింది. జిల్లాలు మారినవి, రాష్ట్రం మారినది. గోదావరి, శబరి, కిన్నెరసాని మాత్రం తమ పేర్లను మార్చుకొనలేదు. ‘కిన్నెరసాని పాటలు’ వ్రాసిన విశ్వనాథ సత్యనారాయణకు ఆ వాగు పేరే కావ్యవస్తువైనది. అచ్చుతో ముగిసే తెలుగు పేరు పిలుపుకు ఎంత అనువైనదో పల్లెలో పొలంగట్టుమీదనుండి ఎవరినైనా కేకవేసి పిలిచినవారికి తెలుసు. చివరి అచ్చును ఎంతదూరమైనా సాగదీయవచ్చును. ‘స్’కారాన్ని సాగదీస్తే బుసకొట్టినట్లుంటుంది.

అయితే ఈ అడవికి తెలుగు ఒక్కటే భాష కాదు. ఇక్కడి కోయలకు తమ భాష ఉన్నది, తమ గాథలు ఉన్నవి. ఈ సంగతి విస్మరించి పేరు పెడితే ఏమవుతుందో హాకీకి పొరుగునున్న విలువిద్యలో 2025 అక్టోబరులో కనబడింది. ఢిల్లీలో జరిగిన తొలి ఆర్చరీ ప్రీమియర్ లీగులో ఆరు జట్లు పాల్గొన్నాయి. ఝార్ఖండ్ జట్టు అక్కడి ఆదివాసులైన చేరోల పేరున ‘చేరో ఆర్చర్స్’ అయినది. తెలంగాణ జట్టు ‘కాకతీయ నైట్స్’ అయినది. కాకతీయులు తెలుగువారికి గర్వకారణం. వారి కాలపు రామప్ప ఆలయం 2021లో ప్రపంచ వారసత్వ సంపదగా గుర్తింపు పొందినది. కాని ఆ ఆలయమున్న ములుగు జిల్లాలోనే మేడారం కూడా ఉన్నది. కరవుకాలంలో కప్పం కట్టలేమన్నందుకు కాకతీయ సైన్యం దండెత్తి వచ్చినదని, సమ్మక్క, సారలమ్మ, జంపన్న ఎదిరించి పోరాడినారని కోయల గాథ. రెండేండ్లకొకసారి లక్షలమంది తలచుకొనేది ఆ పోరాటాన్నే. మణుగూరు ప్రాంతంలో ఈ వంశగాథలను గానం చేసిన సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ లభించింది. 2024లో ఆయన కన్నుమూశారు. రాజ్యం ఆ గాయకుని సన్మానించింది. అడవిబిడ్డల చేతిలో తరతరాలుగా ఉన్న విల్లు కోసం వెలసిన జట్టు మాత్రం వారిని ఎదిరించిన సైన్యం పేరును, దానిపైన ఐరోపా అశ్వయోధుని బిరుదును ధరించింది.

ఇందులో దురుద్దేశం ఉన్నదని అనడం అన్యాయం. రామప్పను చెక్కినవారి కీర్తీ నిజమే, మేడారం గద్దెల స్మృతీ నిజమే. ఒక నిజాన్ని ఎన్నుకొన్నప్పుడు రెండవది ఉన్నదని తెలిసి ఎన్నుకొనడం వేరు, తెలియక ఎన్నుకొనడం వేరు. అడిగి ఉంటే తెలిసి ఉండేది.

హాకీ చరిత్రలోనే ఇందుకు తగిన గురువు ఒకరున్నారు. 1928 ఆంస్టర్‌డాం ఒలింపిక్ క్రీడలలో భారతదేశానికి తొలి హాకీ స్వర్ణం తెచ్చిన జట్టుకు నాయకుడు జైపాల్ సింగ్ ముండా. రాంచీ ప్రాంతపు ముండా తెగలో పుట్టి ఆక్స్‌ఫర్డులో చదివినవారు. తరువాత రాజ్యాంగ సభలో సభ్యులై ఒక పేరుకోసం పోరాడినారు. తమవారిని ‘బనజాతి’ అని వ్యవహరించడానికి ఆయన అంగీకరించలేదు. ‘ఆదివాసి’ అనే మాటనే నిలుపవలెనని పట్టుబట్టారు. అయినను రాజ్యాంగం ‘షెడ్యూల్డు తెగలు’ అన్నది. మన ప్రభుత్వ కార్యాలయాల పలకలమీద ‘గిరిజన’ అనే ఉన్నది. హాకీలో విజయం సాధించిన నాయకుడు పేరు విషయంలో పూర్తి విజయం పొందలేదు. ఒక జనసమూహాన్ని ఏమని పిలువవలెనో ఆ జనులే చెప్పవలెనన్న ఆయన వాదం మాత్రం ఈనాటికీ సజీవంగా ఉన్నది.

అమెరికా ఈ పాఠాన్ని ఆలస్యంగా, ఖరీదుగా నేర్చుకొన్నది. అక్కడి మూలవాసులను చర్మపు రంగుతో పిలిచే పేరును వాషింగ్టన్ ఫుట్‌బాల్ జట్టు దశాబ్దాల అభ్యంతరాల తరువాత 2020లో వదలుకొన్నది. క్లీవ్‌లాండ్ బేస్‌బాల్ జట్టు 2021లో ‘ఇండియన్స్’ అన్న పేరును విడిచి ‘గార్డియన్స్’ అయినది. మంచుహాకీలో చికాగో జట్టు మాత్రం సాక్ తెగ నాయకుడైన బ్లాక్ హాక్ పేరును ఈనాటికీ కొనసాగిస్తున్నది. మరొక మంచుహాకీ జట్టు 2024లో యూటా రాష్ట్రానికి వచ్చినప్పుడు తొందరపడి పేరు పెట్టుకొనలేదు. ఒక ఏడాది ‘యూటా హాకీ క్లబ్’ అని మాత్రమే చెప్పుకొని, పలుమార్లు ప్రజల ఓట్లు తీసుకొని, 2025లో ‘యూటా మామత్’ అయినది. ఆ రాష్ట్రంలో 1988లో ఆ ప్రాచీన గజం అస్థిపంజరం బయటపడి ఉండడంచేత ఆ పేరుకు నేలలో వేరున్నది. ‘యెటి’ అన్న పేరు కూడా పరిశీలనకు వచ్చింది గాని, ఆ పేరుతో అప్పటికే వ్యాపారం చేస్తున్న కంపెనీతో ఒడంబడిక కుదరలేదు. ఇక్కడ ఒక సంగతి గమనార్హం. కంపెనీకి తన పేరుమీద హక్కును చట్టం కాపాడింది. ఒక తెగకు తన వీరుని పేరుమీద, తన నృత్యంమీద, తన గాథమీద అటువంటి హక్కు ఎవరు కాపాడవలెను?

ఈ ప్రశ్న భద్రాచలానికి దూరమైనది కాదు. కోయ పురుషులు అడవిదున్న కొమ్ములు శిరస్సున ధరించి, డోళ్ళు వాయిస్తూ ఆడే కొమ్ము నృత్యం చూడముచ్చటైనది. రేపు ఈ ప్రాంతం పేరున ఒక జట్టు వెలస్తే, ఆ కొమ్ముల శిరస్సును చొక్కాలమీద ముద్రించుకొనవలెనని, విరామసమయంలో ఎవరో ఒక జీతగాడు ఆ వేషం వేసి గంతులు వేయవలెనని ఎవరికైనా తోచకపోదు. అది చూచేవారికి వినోదం. పండుగకు, పెండ్లికి ఆ కొమ్ములు ధరించేవారికి అది ఎట్లా ఉంటుంది? ఐదవ షెడ్యూలు ప్రాంతాలకు వర్తించే 1996 నాటి పంచాయతీల విస్తరణ చట్టం, తమ ఆచారాలను, సాంస్కృతిక గుర్తింపును కాపాడుకొనే అధికారం గ్రామసభకు ఉన్నదని చెబుతున్నది. జట్టు పేరు ఆ చట్టం పరిధిలోనికి వచ్చునా రాదా అన్నది న్యాయవాదుల విషయం. అడగడం మర్యాద అన్నది మాత్రం అందరికీ తెలిసిన విషయమే.

కనుక పేరు పెట్టేవారు ముందుగా మూడు ప్రశ్నలు వేసుకొనవలెను. ఈ పేరు ఎక్కడిది? ఇది ఎవరిది? వారిని అడిగినామా? మొదటిదానికి గ్రంథాలయం సమాధానం చెప్పగలదు. రెండవదానికి ఆ ఊరి పెద్దలు చెప్పగలరు. మూడవదానికి సమాధానం పేరు పెట్టేవారి చేతిలోనే ఉన్నది. ‘వద్దు’ అన్న సమాధానం వస్తే మరొక పేరు వెదుకుకొనడానికి సిద్ధపడి అడిగినప్పుడే అది అడగడం అవుతుంది.

ఈ పనికి లీగుల యజమానులకోసం వేచి ఉండనక్కరలేదు. పాఠశాలలలో ఎర్రజట్టు, నీలిజట్టు అని రంగులతోనో, దేశనాయకుల పేర్లతోనో పిల్లలను విభజించడం పరిపాటి. ఆ స్థానంలో ఉపాధ్యాయులు ఈ ఏడు ఒక చిన్న పరీక్ష చేసి చూడవచ్చును. తమ వాగు, గుట్ట, చెట్టు, పిట్ట, వీటి పేర్లను ఇంటి పెద్దలనడిగి పిల్లలే తేవలెను. కోయ ఇండ్లనుండి వచ్చినవారు కోయభాషలో తేవలెను. లంబాడీ తండాలనుండి వచ్చినవారు తమ భాషలో తేవలెను. ప్రతి పేరుకూ కథ చెప్పవలెను. ఆ కథ ఎవరిదో వారి అనుమతి ఉన్నదా అని తరగతిలోనే విచారించవలెను. ఆ తరువాత మైదానంలో నిలబడి ఆ పేరును గట్టిగా పిలిచి చూడవలెను. అట్లా పేరు పెట్టుకొన్న పిల్లలు పెద్దవారై, రేపు తమ ప్రాంతానికి ఒక హాకీజట్టు వచ్చిననాడు, దాని పేరును ఎక్కడో కంపెనీ కార్యాలయంలో కాగితంమీద తేల్చివేస్తే ఊరుకొనరు. తమను అడగవలసి ఉండెనని వారికి తెలిసి ఉంటుంది.