వేగం కోసం రికార్డును పణంగా పెట్టవద్దు

మందు ఇచ్చిన వెంటనే చార్టులో రాసి సంతకం పెట్టాలి. అరచేతిలో రాసుకుని డ్యూటీ చివర ఎక్కించకూడదు. కొత్తగా చేరిన ప్రతి సిస్టరుకూ మేము మొదట చెప్పే మాట ఇదే. చెయ్యి కడుక్కుంటే ఆ రాత పోతుంది. తర్వాత డ్యూటీకి వచ్చిన సిస్టరు చార్టు చూసి, ఇన్సులిన్ ఇవ్వలేదనుకుని మళ్లీ ఇస్తే రోగి ప్రాణానికే ముప్పు.

ఇప్పుడు చాలా ఆసుపత్రులలో చార్టు కంప్యూటరులోకి వచ్చింది. అక్కడా ఇదే నియమం. మనం 'సేవ్' నొక్కితే డేటాబేసు ఆ వివరాన్ని డిస్కు మీద భద్రంగా రాసి, ఆ తర్వాతే 'అయింది' అని చెప్పాలి. ప్రతిసారీ డిస్కు కోసం ఆగడం వల్ల కొంత ఆలస్యమవుతుంది. ఓ.పి.లో క్యూ పెరిగితే "సిస్టమ్ స్లో" అని ఫిర్యాదు చేసేది మనమే. అప్పుడు సెట్టింగులలో ఒక్క అంకె మార్చితే వేగం వస్తుంది. కానీ ఏమి ఇచ్చి ఆ వేగాన్ని కొంటున్నాం?

మైఎస్‌క్యూఎల్ అనే డేటాబేసులో ఈ సెట్టింగు మామూలుగా 1 ఉంటుంది. దాన్ని 2 చేస్తే వివరాలు డిస్కుకు సుమారు సెకనుకొకసారి మాత్రమే చేరతాయి. ఆ మధ్యలో కరెంటు పోతే, 'అయింది' అని తెరమీద చూపినవి కూడా పోవచ్చు. పోస్ట్‌గ్రెస్‌లో 'సింక్రనస్ కమిట్' ఆపినా నష్టం ఇలాంటిదే. 'ఎఫ్‌సింక్' ఆపితే ఇంకా ప్రమాదం: డేటాబేసంతా బాగుచేయలేనంతగా పాడు కావచ్చు.

ఒక్క సెకనే కదా అంటారు. ఆ సెకనులో నమోదైనది ఇన్సులిన్ మోతాదో, పెన్సిలిన్ పడదన్న హెచ్చరికో కావచ్చు. ఆదోని, ఎమ్మిగనూరు వాసులకు కరెంటు పోవడం కొత్త కాదు. యూపీఎస్ ఉందిగా అని ధైర్యపడవద్దు. దాని బ్యాటరీకీ వయసు ఉంటుంది.

వేగం వద్దని మేము అనడం లేదు. మంచి ఎస్.ఎస్.డి. డిస్కు కొనవచ్చు. నెలవారీ రిపోర్టులను రద్దీ లేని వేళ తీయవచ్చు. శిక్షణ కోసం వాడే కంప్యూటరులో ఆ సెట్టింగులు మార్చుకున్నా నష్టం లేదు. రోగి రికార్డు ఉన్నచోట మాత్రం, డాక్టర్లకూ నర్సులకూ తెలియకుండా, టెక్నీషియన్ ఒక్కడే ఈ నిర్ణయం తీసుకోకూడదు. మార్చితే ఎందుకు మార్చారో రాసి, బాధ్యులు సంతకం పెట్టాలి.

మీ ఆసుపత్రిలో కంప్యూటర్లు చూసేవారిని నేడే ఒక్క ప్రశ్న అడగండి: "తెరమీద 'అయింది' అని వచ్చాక కరెంటు పోతే, మేము రాసినది ఉంటుందా?"